కుడి సీటుకు అందే రేడియో

నువ్వే, స్ట్రోబెల్, మా టపా కాంట్రాక్టు నీది. ఇంకెవరి మీదకీ నెట్టకు. నేవా చెయ్యి పోయింది మంచు వల్ల కాదు, ఆమె తొందర వల్ల కాదు, ఆ పాత బ్యూక్ కారు వల్ల అసలే కాదు. నీ వల్ల. స్టీరింగు ఎడమపక్కనున్న కారులో బతుకులో ఒక్కరోజైనా కుడిపక్క సీట్లో కూర్చుని, ఎడమకాలు అడ్డంగా చాపి బ్రేకు తొక్కి, ఎడమచేత్తో స్టీరింగు పట్టుకుని, కుడిచెయ్యి కిటికీలోంచి బయటికి చాచి ఉత్తరాల పెట్టె తలుపు లాగావా? లాగలేదు. నీ ఒప్పందంలో మాత్రం, బండి నడిపేవారు ఎడమపక్క సీట్లోనే కూర్చోవాలి అని రాసుకున్నావు. ఇళ్ళవాళ్ళ ఉత్తరాల పెట్టెలన్నీ రోడ్డుకి కుడిపక్కన ఉంటాయి. బండి దిగకుండా టపా వెయ్యాలి అని కూడా అదే ఒప్పందంలో రెండు పేరాల కింద నువ్వే రాసుకున్నావు. ఈ రెండు వాక్యాలనూ ఒకేసారి పాటించాలంటే మనిషికి ఆరడుగుల చెయ్యి ఉండాలి. అలాంటి చెయ్యి నేవాకి లేదు. ఉన్న చెయ్యి కూడా ఇప్పుడు లేదు. ఆస్పత్రికి వచ్చి నువ్వు అన్నమాట ఏమిటి? "ఆమె తప్పు సీట్లో కూర్చుంది." అంతేనా, స్ట్రోబెల్? నలభై ఒక్క మందిమి రోజూ నీ కళ్ళముందే ఆ తప్పు సీట్లోనే కూర్చుని, సంచులెక్కించే టపా అరుగు దగ్గరనుంచి బయల్దేరుతుంటే నువ్వు కాఫీ తాగుతూ చెయ్యి ఊపలేదూ?

నాలుగూ పది. అయిదింటికల్లా కాగితం మీద సంతకం పెట్టి రోడ్డుకి అవతల నీ ఆఫీసులో ఇచ్చెయ్యాలి. కాగితం నా చొక్కా జేబులో ఉంది, చెమటకి మెత్తబడింది, సెప్టెంబరు నెలలో కూడా మా నార్త్ ప్లాట్ ఊళ్ళో ఎండ తగ్గదు, దూరంగా బొగ్గు రైళ్ళు ఒకదాని వెనక ఒకటి, ఆ చప్పుడు కాళ్ళకిందనుంచి ఎక్కుతోంది, ఈ దుకాణం గోడనిండా కార్ స్టీరియోలు కళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి, నీలం కళ్ళు, ఆకుపచ్చ కళ్ళు, ఒకటేమో ఊరికే రంగులు మారుస్తోంది, దానికేం పనిలేదు పాపం. కొత్త ప్లాస్టిక్ వాసన. ఈ వాసనంటే నాకు ఇష్టం, ఒప్పుకుంటాను. కొత్త రేడియో అంటే పడిచస్తాను, అదీ ఒప్పుకుంటాను. అందుకే వచ్చాను. సంతకం పెట్టేముందు, పెడితే నువ్వు ఉచితంగా ఇస్తానన్న ఆ రేడియో ఎలా ఉంటుందో ఒక్కసారి చూసిపోదామని. అబద్ధం ఎందుకు, పెట్టేద్దామని కూడా అనుకున్నాను. పొద్దున అరుగు మీద సంచులు సర్దుతున్నప్పుడు కలం తీశాను కూడా.

నూట పన్నెండు మైళ్ళు నా రూటు. ఊరు దాటి మూడో ఇసుకగుట్ట ఎక్కి దిగేసరికి రేడియో చచ్చిపోతుంది. కాసేపు పందుల ధరలు, కాసేపు నరకం గురించి ఒక పాస్టరు, ఆ తరవాత ఇసుక రాలుతున్నట్టు గరగర, ఆ తరవాత అదీ లేదు. గడ్డి, ఆవులు, గాలిమర, మూడు మైళ్ళకి ఒక పెట్టె. పన్నెండేళ్ళుగా ఇలాగే. కళ్ళు మూతలు పడుతుంటే నాతో నేనే పోట్లాడుకుంటాను, గట్టిగా, బయటికి, ఒకసారి ఒక ఆవు తల తిప్పి చూసింది. ఇప్పుడు శాటిలైట్ రేడియోలో ఆకాశంలోంచి నూట అరవై చానెళ్ళు వస్తాయట, గుట్టలు అడ్డం రావట, బేస్‌బాల్ ఆట మొత్తం వినొచ్చట, ఆఖరి తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా, మధ్యలో గరగర లేకుండా. తొమ్మిదో ఇన్నింగ్స్! దానికోసం సంతకం పెట్టరా మనుషులు? ముప్పై మూడు మంది పెట్టేశారు. వాళ్ళని తిట్టలేను. వాళ్ళ రూట్లలోనూ మూడో గుట్ట ఉంది.

"నీలం వెలుగుదా, ఆకుపచ్చదా అమ్మా? ఆడవాళ్ళు ఎక్కువగా నీలం అడుగుతున్నారు." లామార్ అట, చొక్కా మీద కుట్టి ఉంది పేరు, అరవై ఏళ్ళుంటాయి, చెవిలో వెంట్రుకలు, మెడలో తాడుకి కళ్ళజోడు, ఈ దుకాణం అతనిదే. "వెలుగు సంగతి తరవాత. మీట ఎటుపక్కుందో చూడాలి," అన్నాను. అక్కడున్న కుర్చీ లాక్కుని, గోడమీద బిగించిన స్టీరియోకి కుడివైపున వేసుకుని కూర్చున్నాను, ఎడమచెయ్యి ముందుకు చాచాను, అక్కడ స్టీరింగు ఉన్నట్టు. అతను నవ్వాడు. "అటు కూర్చున్నారేంటండీ? అది పెళ్ళాం కూర్చునే చోటు." "నా కారులో మొగుణ్ణీ నేనే, పెళ్ళాన్నీ నేనే. నేను కూర్చున్నచోటే డ్రైవరు సీటు." "ఓహో, టపా వాళ్ళా!" అన్నాడు, ముఖం మారింది, గౌరవమో జాలో తెలియలేదు, రెండూ నాకొద్దు. నాకు కావలసింది కుడివైపు మీట. చాచిన ఎడమచేతి కింద దాక్కుంటుంది స్టీరియో, గొంతు పెంచే గుండ్రటి మీట దానికి ఎడమ చివర ఉంటే అందుకోవాలంటే సగం ఒళ్ళు వంచాలి, ఆ వంగిన రెండు సెకన్లలో కారు ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. మొదటిది చూశాను, మీట ఎడమ. రెండోది, ఎడమ. మూడోదాని అద్దంలో అంకెలు అటునుంచి చూస్తే మెరుస్తాయి, నా సీట్లోంచి చూస్తే నల్లగా, చచ్చిన చేప కన్నులా. ప్రపంచంలో రేడియోలు చేసేవాళ్ళందరూ ఎడమపక్కే కూర్చుంటారా?

మా అమ్మ వంటింటి రేడియోకి మీట ఉండేది కాదు. ఊడిపోలేదు. నాన్న పీకి జేబులో వేసుకునేవాడు. పొలానికి పోతూ ఏ స్టేషను పెట్టిపోతే సాయంత్రందాకా అదే. అమ్మ కొలాచె అనే తీపి బన్నుల్లో ఆల్‌బుఖారా పండు ముద్ద కూరుతూ, చేతులకి పిండి, గోధుమ ధరలు వినేది, మళ్ళీ గోధుమ ధరలు వినేది. ఒకరోజు పనిముట్ల పెట్టెలోంచి పట్టకారు తెచ్చి, ఆ బోడి కడ్డీని పట్టుకుని తిప్పింది. నేను ఏడేళ్ళదాన్ని. వంటింట్లోకి అకార్డియన్ వాద్యం మోత వచ్చిపడింది, అమ్మ పట్టకారు పట్టుకునే రెండు అడుగులు వేసింది, సాయంత్రం నాలుగింటికి మళ్ళీ గోధుమ ధరలకి తిప్పేసింది. ఆ తిప్పెయ్యడం మీదే నాకు ఇప్పటికీ కోపం. అడుగులు వేశావు కదమ్మా, తిప్పడమెందుకు? అలాగే ఉంచాల్సింది. నాన్న వచ్చి చూసి అరిచేవాడు. అరవనీ.

"దీనికి ప్లేయరు పెట్టుకునే వీలుందా?" లామార్‌ని అడిగాను. జేబులోంచి తీసి చూపించాను. అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్దది, మూల చితికింది, ఎర్రమీట నొక్కితే మాట పట్టుకుంటుంది. నాది కాదు, నేవాది. కాదు, మా నలభై ఒక్క మందిది. మేం ఒకరితో ఒకరం మాట్లాడుకునేది పొద్దున అరుగు మీద ఇరవై నిమిషాలు, అదీ స్ట్రోబెల్ కాఫీ వాసన తగిలేంత దూరంలో. ఆ తరవాత ఎవరి గుట్టలు వాళ్ళవి. నేవా కుడిచెయ్యి మోచేతి కిందనుంచి తీసేశాక ఉత్తరం రాయలేకపోయింది, ఎడమచేత్తో రాస్తే కోడి గీకినట్టుందని చించేసింది, వాళ్ళ చెల్లి ఈ ప్లేయరు కొనిచ్చింది. మార్చినెలలో నాకు పార్సిల్లో వచ్చింది. "ఆర్డిత్, నేవాని. ఎర్రది నొక్కితే పలుకుతుందట, పలక్కపోతే గోడతో మాట్లాడినట్టే అనుకో. గోడకన్నా నువ్వే నయం, నువ్వు మధ్యలో తిడతావు." అలా మొదలైంది. నేను విన్నాను, నా మాట చేర్చాను, మర్నాడు పక్క రూటు క్లీట్ సంచిలో వేశాను, క్లీట్ తన మాటతోపాటు తన కుక్క మొరుగు కూడా చేర్చి పక్కవాడికిచ్చాడు. ఆరునెలల్లో అందరి చేతులూ తిరిగింది. ఎవరి బెల్టు అందదు, ఎవరి నడుము పోయింది, ఎవరు కాలవలోకి జారి ఎవరికీ చెప్పకుండా ఇంటికి పోయారు, అన్నీ అందులో ఉన్నాయి. పన్నెండేళ్ళు ఒకే అరుగు మీద సంచులెత్తినవాళ్ళం, ఒకరి గొంతు ఒకరం అప్పుడే విన్నాం. చెవిలో పెట్టుకు వినమంటారా? కిటికీ రోజంతా తెరిచే ఉంటుంది, గాలి మోత, పైగా వెనకనుంచి గడ్డి లారీ వస్తే వినపడాలి కదా. కారు స్టీరియోలోనే రావాలి. నా పాత స్టీరియోలో రేడియో తప్ప ఇంకేం పలకదు, తీగ గుచ్చే బొక్క దుమ్ముపోయి చచ్చి రెండేళ్ళయింది.

క్లీట్, ఓరి క్లీట్, నిన్ను తిట్టాలో ముద్దుపెట్టుకోవాలో. వేలెడంత పెట్టె ఒకటి కొన్నాడు, సిగరెట్ లైటరు బొక్కలో గుచ్చితే ప్లేయరులో మాట గాల్లోంచి కారు రేడియోకి అందుతుంది, తీగ అక్కర్లేదు. రేడియోలో ఖాళీ స్టేషను చూసుకోవాలి, అంతే. గుట్టల్లో అంతా ఖాళీయే, అందుకని రేడియో అంకెల్లో మొట్టమొదట ఉన్న చోటు పెట్టుకున్నాడు. మేమందరం చేసేది అదే, గుట్టల్లో ఏది ఖాళీయో ఊళ్ళోనూ అదే ఖాళీ అనుకుంటాం. ఊళ్ళో ఆ చోట భక్తి స్టేషను ఉంది. స్ట్రోబెల్ పొద్దున్నే వినేది అదే. ఆగస్టులో ఒకరోజు అతని పికప్ వచ్చి క్లీట్ కారు పక్కనే ఆగింది, అద్దాలు దించి ఉన్నాయి, కీర్తన మధ్యలో తెగిపోయింది, అతని బండిలోనే, అతని రేడియోలోనే, నేవా గొంతు లేచింది: "స్ట్రోబెల్ ఆస్పత్రికొచ్చి నా చెయ్యి సంగతి అడగలా, టపా సంచి తడిసిందా అని అడిగాడు." క్లీట్ నాకు చెబుతూ కళ్ళనీళ్ళొచ్చేట్టు నవ్వాడు. "వాడి మొహం చూడాల్సింది ఆర్డిత్! తన బండే తనని తిట్టినట్టు చూశాడే. రేడియోని ఒక్క దెబ్బ కొట్టాడు. అదేం ఆగుద్దీ!" ఆ తరవాత నవ్వు ఆపేశాడు. నేనూ ఆపేశాను. రెండు వారాల్లో స్ట్రోబెల్ నుంచి ఈ కాగితం వచ్చింది. మీ సేవకు గుర్తింపుగా ఒక్కొక్కరికీ కొత్త స్టీరియో, ఏడాదిపాటు శాటిలైట్ రేడియో ఉచితం. కింద చిన్న అక్షరాల్లో: పనివేళల్లో బండిలో ఇంకే రకమైన వినే సాధనాన్నీ, మాటలు పట్టే సాధనాన్నీ ఉంచుకోను. సంతకం పెట్టనివాళ్ళ రూట్లు తిరిగి పరిశీలించబడును. పరిశీలించబడును! ఊడబీకుతాను అని రాయడానికి చెయ్యి రాలేదు.

లామార్ కళ్ళజోడు పెట్టుకుని ప్లేయరు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీరు స్ట్రోబెల్ గారి మనుషులైతే ఇక్కడ వెతుక్కోవడం ఎందుకండీ? మీవి వెనకగదిలో తయారుగా ఉన్నాయి, నలభై ఒకటీ. ఒకటి విప్పి చూపించనా?" చూపించు అన్నాను. అట్టపెట్టె విప్పాడు, నురగ దిమ్మలు కిచకిచమన్నాయి. నల్లగా, నున్నగా, మంచి వస్తువే, చెడ్డదని అననుగా. మీట ఎడమవైపు. వేలితో ముఖమంతా తడిమాను, కింద, పక్కన, వెనక. "తీగ గుచ్చుకునే చోటేదీ?" "ఈ రకానికి ఉండదండీ." "ఉన్న రకం ఎక్కువ ధరా?" "లేదు లేదు, అదే ధరకి ఇస్తానన్నా. ఇదిగో, ఆ మూలది, శాటిలైటూ వస్తుంది, ముందువైపే బొక్కా ఉంది. ఆయన వద్దన్నాడు. బొక్క ఉంటే అసలు తీసుకోనన్నాడు. నాకేం, నలభై ఒకటి అమ్ముడుపోతున్నాయి. కానీ ముప్పై ఏళ్ళుగా అమ్ముతున్నానండీ, అదే ధరకి తక్కువున్నదే కావాలని పట్టుబట్టిన మనిషిని ఇదే చూడటం. కొనేవాళ్ళు విని చూడ్డానికి పెట్టిన డెమో కారులో ఎక్కి చూశాడు కూడా. పది నిమిషాలు." "ఏ సీట్లో?" "అదేంటి, డ్రైవరు సీట్లోనే."

నాలుగున్నర. ఇంకో బొగ్గు రైలు. కాగితం తీసి మళ్ళీ చదివి జేబులో పెట్టాను. అయితే ఇదన్నమాట. ఆకాశమంతా ఇస్తాడు, పక్కవాడి గొంతు తీసుకుంటాడు. నూట అరవై చానెళ్ళు మాకు మాట్లాడతాయి, మేము ఒక్కళ్ళతోనూ మాట్లాడం. ఎంత తెలివి! నిజంగా, తిట్టడానికి కాదు, మెచ్చుకునే అంటున్నాను, మా బ్రేకుల గురించి ఇందులో పదోవంతు ఆలోచించి ఉంటే నేవా ఇవాళ రెండు చేతులతో సంచి ఎత్తేది. కొందరు నాతో అంటారు, ఆర్డిత్, నువ్వు రేడియో కావాలనుకోవడమే తప్పు, పోరాటం చేసేవాళ్ళకి బేస్‌బాల్ ఏమిటి అని. పొండి అవతలికి. నాకు బేస్‌బాల్ కావాలి. అకార్డియన్ కావాలి, రాత్రి వార్తలు కావాలి, ఏదో దేశంలో ఎవరో ఏడుస్తుంటే అదీ వినాలి. నేవా గొంతూ కావాలి. ఒకటి తీసుకో, ఇంకోటి వదులుకో అనే బేరం నాకొద్దు. బేరం పెట్టినవాడి కారులో అన్నీ ఉన్నాయి.

"ఆ మూలది దింపు," అన్నాను. దింపాడు. కుర్చీలో కుడివైపు కూర్చుని చూశాను. గుండ్రటి మీట నడిమధ్య, నా వేలికి అందింది, వంగకుండా. అంకెల అద్దం కిందికి వంచి పక్కకి కూడా తిప్పొచ్చు, నాకేసి తిప్పితే నాకే కనపడింది. ఆకాశంలోంచి ఏదో పాట తెచ్చాడు, బాగుంది. "ఇప్పుడు మీ ప్లేయరు చూద్దాం," అని తీగ గుచ్చాడు. వద్దందామనుకున్నాను. దుకాణంలో టైర్ల బొమ్మలు చూస్తూ ఇంకెవరో రైతు ఉన్నాడు, పెళ్ళాంతో. ఆ గోడకున్న స్పీకర్లు ఇరవైకి తక్కువ లేవు. నేను నోరు తెరిచేలోపు నేవా గొంతు వచ్చేసింది, అంతెత్తున, గోడంత.

"పెట్టె తలుపు మంచుకి గడ్డకట్టుకుపోయింది. గట్టిగా లాగా. కారు జారింది. బ్రేకు మీద కాలుంది, ఒళ్ళేమో కిటికీలో ఉంది, కాలికి బలం ఎక్కణ్ణించొస్తుంది? బెల్టేదమ్మా అంటారు. ఆ సీట్లో బెల్టు పెట్టుకుంటే కాలు బ్రేకుకి అందదు. కొలిచా. నాలుగంగుళాలు తక్కువ. బోల్తాపడి నా చేతిమీద పడుకుంది కారు, గంటన్నర. రేడియో మోగుతానే ఉంది. పందుల ధరలు. ఆపుదామంటే మీట అందలా. చెయ్యి పోతుందని ఏడవలేదు నేను, అది ఆపలేక ఏడ్చా."

లామార్ చెయ్యి గొంతు తగ్గించడానికి వెళ్ళింది. నేను ముందే అందుకుని పెంచాను. అద్దాలు అదిరాయి. రైతు టోపీ తీశాడు, అతని పెళ్ళాం, "ఎవరిది ఆ గొంతు?" అంది. "నేవా హ్రుస్కా. మీ ఉత్తరాలు తెచ్చిన మనిషే," అన్నాను, ఏమో, తెచ్చిందో లేదో, ఎవరికో ఒకరికి తెచ్చింది. నేవా మాట అయిపోయింది. నేను ఎర్రమీట మీద వేలుపెట్టి లామార్ ముందు పెట్టాను. "ఇందాక చెప్పావే. బొక్క లేనిదే కావాలన్నాడని. అది ఇందులో చెప్పు." "అమ్మా, నలభై ఒక్కటండీ. రేపు డబ్బు కట్టాల్సిన మనిషి." "తెలుసు." "వెనక్కి పంపేస్తాడు." "పంపొచ్చు." కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. అతన్ని తొందరపెట్టలేదు, కానీ కళ్ళు కూడా పక్కకి తిప్పలేదు. చివరికి ప్లేయరు మీదకి వంగాడు. "నా పేరు లామార్ టిబెట్స్. ముప్పై ఏళ్ళుగా రేడియోలు అమ్ముతున్నాను," అని మొదలుపెట్టి, మొత్తం చెప్పాడు, డెమో కారులో ఎడమసీటు సంగతితో సహా. రైతు పెళ్ళాం దగ్గరకొచ్చి, "మా పెట్టె రోడ్డుకి మరీ లోపలికి ఉంది, దాన్ని ముందుకి జరిపిస్తాను, అది కూడా చెప్పచ్చా ఇందులో?" అంది. చెప్పమ్మా అన్నాను.

నాలుగూ యాభై. మూలదాన్నే కొన్నాను, నా డబ్బుతో, శాటిలైట్ చందా కూడా కట్టాను. కాగితం జేబులోంచి తీసి, సంతకం పెట్టే గీత మీదా, కాగితం వెనకా, మేం అడిగేది పెద్ద అక్షరాలతో రాశాను. ఇప్పుడు రోడ్డు దాటుతున్నాను. నీ గుమ్మంలో చదివి వినిపిస్తాను స్ట్రోబెల్, విను, పట్టుకుంటున్నాను కూడా, ఎర్రదీపం వెలుగుతోంది.

కుడిపక్క స్టీరింగు ఉన్న బళ్ళు కావాలి. పొలాల్లో టపా వేసేవాళ్ళ కోసమే అలాంటివి తయారుచేస్తున్నారు, కొనుక్కోవచ్చు, నువ్వు కొను. నలభై ఒకటి. బ్రేకూ బెల్టూ ఒకే మనిషికి ఒకే సీట్లో అందాలి. మొదటి మంచు పడేలోపు, అంటే ఆరువారాలు. నేవా తప్పు సీట్లో కూర్చుందన్న మాట వెనక్కి తీసుకో, అరుగు మీద, అందరిముందూ, నీ నోటితో. సంతకాలు పెట్టిన ముప్పై మూడు మందీ, మీకూ చెబుతున్నాను: రేపు పొద్దున ఆరున్నరకి అరుగు దగ్గర నా కారు స్టీరియోలో ఇది మోగగానే మీ కాగితాలు మీరు వెనక్కి అడగండి. రేడియో ఇస్తే వద్దనకండి, కాగితం మాత్రం వెనక్కి తీసుకోండి. స్ట్రోబెల్ ఆ కాగితాలు ఇచ్చేదాకా ఒక్కరూ ఒక్క సంచీ ఎత్తకండి.